పద్దెనిమిది డిగ్రీల వాలు

కాశీబుగ్గలో ఏ డాబా చూసినా
ముందు నాకు కనిపించేది దక్షిణం.
నీళ్ల ట్యాంకు నీడ మూడింటికి ఎందాకా పాకుతుందో,
పక్కింటి కొబ్బరిమట్ట ఎన్నేళ్లకు అడ్డొస్తుందో
గుమ్మంలో నిలబడే చెప్పగలను.
పద్దెనిమిది డిగ్రీల వాలు
నా మెడకే తెలుసు.

కాగితం మంగళవారం వచ్చింది.
కాగితం కూడా కాదు,
ఫోన్లో ఒక పీడీఎఫ్. మూడు పేజీలు.
రెండో పేజీ పట్టికలో, ఒక గడిలో,
పాత అంకె ఉండే చోట చిన్న అంకె.
అసిరయ్య దాన్ని రెండు వేళ్లతో సాగదీసి చూశాడు.
అంకె పెద్దదైంది,
డబ్బులు కాలేదు.

బుధవారం తెల్లారకముందే పిండిమిల్లు గున్నయ్య ఫోను.
"ఏటి బావూ, సర్కారోడే ఎనక్కి తగ్గినాక
నానెందుకు ముందుకెల్తాను?
కొన్నాల్లు ఆగుదుం."
తర్వాత దమయంతి టీచరు.
మర్యాద తెలిసిన మనిషి,
మా ఇంట్లో అందరి క్షేమం అడిగాకే
వద్దన్నారు.
మందసాయన వద్దని కూడా అనలేదు, ఫోనెత్తలేదు.
వాళ్ల డాబా మీద నేను పోసిన సిమెంటు దిమ్మెలు ఎనిమిది.
వాటి మీద వాళ్లావిడ పూలకుండీలు పెట్టిందట.
బాగున్నాయట.

కొట్లో ఇరవై రెండు పలకలు
గోడకు ముఖం తిప్పుకుని నిలబడ్డాయి.
ఎండ తినడానికి పుట్టినవి,
ట్యూబులైటు కింద పస్తులున్నాయి.
అరువు మీద తెచ్చినవి.
విశాఖ డీలరు రోజూ ఫోను చేసి
"అన్నా, భోజనమైందా" అంటాడు.
అయిందంటాను.
ఏం అడిగాడో, ఏం చెప్పానో
ఇద్దరికీ తెలుసు.

నాలుగిళ్లకు
సబ్సిడీ పడ్డాక ఇద్దురుగాని అని బిగించేశాను.
ఇద్దరికి పడింది.
ఒకాయన ఇచ్చాడు.

మా జట్టులో నీలవేణి ఒక్కతే ఆడపిల్ల.
ఎర్తింగు గోతిలో ఉప్పూ బొగ్గూ
ఆవకాయ జాడీకి ఎత్తినట్టు
పొర మీద పొర, చెయ్యి తడి కాకుండా వేసేది.
శుక్రవారం టెస్టరు నా బల్ల మీద పెట్టి,
"జీడిపప్పు బట్టీలోకి ఎల్తన్నాను" అంది.
ఉంచుకోవే అన్నాను.
"అక్కడ ఏల్లకి జీడి అంటుకుంటాది.
ఇదేటి సేస్తాది?"
కోపంగా కాదు,
నిజంగానే అడిగింది.
జవాబు ఇప్పటికీ వెతుకుతున్నాను.

నిన్న పాత కస్టమరు పిలిచాడు.
పలకల మీద బట్టీల పొగ, సముద్రపు ఉప్పు,
యూనిట్లు పడిపోయాయి, కడగాలంటే ఎంత?
నలభై, అన్నాను.
ముప్పై, అన్నాడు.
బిగించినప్పుడు బేరమాడని మనిషి.

ఎండెక్కకముందే మెట్లెక్కాను,
బకెట్టు, మెత్తటి గుడ్డ, పాత లుంగీ ముక్క.
ముందు నట్లు తడిమాను, అలవాటు కొద్దీ.
తిత్లీ రాత్రి రేకులు కాకుల్లా లేచిపోయిన ఊరు ఇది,
ఒక్కటి కూడా ఊడదని మాటిచ్చి బిగించిన నట్లు.
ఒక్కటీ వదులవలేదు.
మాట అక్కడ గట్టిగానే ఉంది,
తుప్పు కూడా పట్టలేదు.

కింద మీటరు దగ్గర ఎర్ర దీపం మిణుకుమంటోంది.
మా అద్దింట్లో కరెంటు బిల్లు
ఫ్రిజ్ మీద మడతపెట్టి ఉంది,
గడువు సోమవారం.

ఒక్కో పలకా తుడుస్తూ దక్షిణానికి చూశాను.
ఖాళీ డాబాలు లెక్కపెట్టాను,
ఆరిన బట్టలు, విరిగిన కుర్చీలు, పావురాలు.
ముప్పై ఎనిమిది దగ్గర నీళ్లయిపోయాయి.
మళ్లీ నింపుకొచ్చేసరికి
లెక్క మరిచిపోయాను.

ఇంటావిడ మెట్ల మీంచి తొంగి చూసి
"బావూ, ఆ సివరిదానికి మచ్చుండిపోనాది" అంది.
మచ్చ కాదమ్మా,
మబ్బు, అన్నాను.

అయినా
మరోసారి తుడిచాను.